రెండు మొహాల నాణెం

నా నోరు మంచిది కాదని మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. సంతలో వేయించిన శనగలు అమ్ముకునే ఆడదానికి నోరు లేకపోతే గంపతో సహా ఎత్తుకుపోతారు. అంచేత నేను దాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. మా తమ్ముడు ద్రాకోన్ నాకు పూర్తిగా విరుద్ధం. వాడిది కంచుపని. పొద్దస్తమానం సుత్తి చప్పుడే గానీ వాడి గొంతు వినపడదు. "ఇద్దరికీ చెరిసగం పంచమంటే ఆ దేవుళ్లు మాటలన్నీ తెచ్చి ఈ అఫియా నోట్లోనే కుమ్మరించారు" అని మా అమ్మ అనేది. మా ఆయన పోయాక నేను తమ్ముడి ఇంట్లోనే ఉంటున్నాను. వాడు, వాడి పెళ్లాం ఆబా, మా అమ్మ, నేను. ఇదివరకు ఇంకొకడు ఉండేవాడు.

ఆ చలికాలం చివర్లో రోము నుంచి కబురొచ్చింది. పాత చక్రవర్తి పోయాక కొడుకులిద్దరూ కలిసి ఏలుతున్నారని మేమనుకుంటూ ఉండగానే, అన్న తమ్ముణ్ణి చంపించాడట. తల్లి ఒళ్లో తల దాచుకుంటే అక్కడే పొడిచారని రేవు నుంచి వచ్చినవాళ్లు చెప్పుకున్నారు. నిజమో కాదో ఆ తల్లికే తెలియాలి. వెంటనే దండోరా పడింది. చచ్చిపోయిన తమ్ముడి పేరు ఎవరూ పలకకూడదు. రాతి మీద ఉంటే చెక్కి తీసేయాలి, విగ్రహముంటే పగలగొట్టాలి, నాణెం మీద మొహముంటే కొట్టి చెరిపేయాలి. అందుకే నేనూ ఆ పేరు చెప్పను. చిన్నదొర అంటాను, మీరు అర్థం చేసుకోండి.

మా ఊరి పెద్ద కంచు నాణెం మీద ఆ అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా, ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా ఉంటారు. అన్నకు గడ్డం ఉంటుంది, తమ్ముడికి లేదు. వెనక వైపు దివిటీ పట్టుకున్న మా హెకాతే దేవత. అంతకుముందు ఇలాంటి నాణేల మీదే అన్న పెళ్లాం మొహం ఉండేది. ఆమెను వెళ్లగొట్టాక ఆ మొహమూ కొట్టి చెరిపించారు. వాళ్లింట్లో గొడవ పడితే మా ఊళ్లో సుత్తులు అరిగిపోవాలి. ఏం సంసారాలో ఏమో!

సంత అధికారి ద్రాకోన్‌ను పిలిపించి, నా శనగల గంప పక్కనే మంటపం నీడలో దాగలి దిమ్మ పెట్టించాడు. జనం నాణేలు తెచ్చి వరసలో నిలబడేవాళ్లు. వీడు చిన్నదొర మొహం మీద ఉలి ఆనించి ఒక దెబ్బ వేసేవాడు, చదునుగా చేయడానికి ఇంకో దెబ్బ వేసేవాడు, పక్కన ఊరి ముద్ర కొట్టేవాడు. ముద్ర పడితేనే ఆ నాణెం చెల్లుతుంది. కొట్టించకుండా దాచుకున్నవాడి తల మటుకు మెడ మీద ఉండదని అధికారి చేయి అడ్డంగా ఊపి మరీ చెప్పాడు. ద్రాకోన్ కొట్టుకుంటూ పోయాడు. వాడికి అవి దొరల మొహాలు కావు, కంచు ముక్కలు.

ఇదంతా బాగానే గడిచేది, చేపల కొట్టు కార్పోస్ నోరు మూసుకుని ఉంటే.

"ద్రాకోనూ, ఎన్ని కొడితే మాత్రం ఏం లాభం?" అన్నాడు వాడు ఆ మధ్యాహ్నం, ఉప్పుచేపలు సర్దుకుంటూ. "చచ్చినోళ్ల నోళ్లలో ఎన్ని పెట్టామో లెక్కుందా? పోయినవాళ్లను పాతాళ నది దాటించే పడవవాడు ఇక వాటిని పుచ్చుకుంటాడా? 'చెల్లదు, దిగు దిగు' అంటాడు. పాపం, ఆ నది ఒడ్డున ఎంత గుంపు పోగైందో!"

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. అప్పుడు చూశాను ఆబాను. మొగుడికి బువ్వ తెచ్చి స్తంభం పక్కన నిలబడి ఉంది. బార్లీ రొట్టెలూ ఆలివ్ కాయలూ ఉన్న గిన్నె మెల్లగా నేల మీద పెట్టి కార్పోస్ దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఇప్పుడేమన్నావు?"

కార్పోస్ మొహం పాలిపోయింది. "ఏం లేదమ్మా, ఊరికే అన్నాను. నా నోట్లో మన్ను పడ. నువ్వున్నావని చూడలేదు" అన్నాడు.

ఆబా గిన్నె అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లిపోయింది. ద్రాకోన్ రొట్టె ముట్టుకోలేదు.

ఆ ఇంకొకడి సంగతి చెప్పాలి. ఫానియాస్. నా మేనల్లుడు. పెళ్లయిన ఎన్నాళ్లకో పుట్టిన ఒక్కగానొక్కడు. అంతకుముందు ఏడాది, అంజూరాలు పండే కాలంలో, జ్వరం వచ్చి పోయాడు. ఆరేళ్లు నిండాయి, ముందు పళ్లు రెండూ ఊడిపోయి కొత్తవి రాలేదు. ఆ బోసి నవ్వుతో నా గంపలో చెయ్యి పెట్టి, "అత్తా, ఒక్క గుప్పెడే" అనేవాడు. ఆ ఒక్క గుప్పెడు సాయంత్రం దాకా సాగేది.

మా ఊళ్లో ఏటా దేవత తాళంచెవి ఊరేగింపు జరుగుతుంది. పాతాళం తలుపు తాళంచెవిని ఒక ఆడపిల్ల గుడి నుంచి ఊళ్లోకి మోసుకొస్తుంది. ఆ పండక్కి ద్రాకోన్ వాడికి ఒక కొత్త నాణెం ఇచ్చాడు, అప్పుడే అచ్చు దిగిన, మెరుస్తున్న రెండు మొహాల పెద్ద నాణెం. దాన్ని వాడు ఖర్చు పెడితే ఒట్టు. "గడ్డమున్నది నువ్వు నాన్నా, గడ్డం లేనిది నేను" అనేవాడు. ఆ నాణెం చూసి ఒక ఆట కట్టాడు. తండ్రి ముక్కుకు ముక్కు ఆనించి, నాణెం మీద దొరల్లాగా కదలకుండా, నవ్వకుండా నిలబడాలి. ముందు నవ్వినవాడు ఓడినట్టు. నోరు విప్పని మా తమ్ముడు ఆ ఆటలో ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ బోసి నోరు అంత దగ్గర్లో కనిపిస్తే ఎవడు నవ్వకుండా ఉంటాడు?

పోయినవాళ్ల నోట్లో అరిగిపోయిన పల్చటి కంచు బిళ్ల ఒకటి పెట్టడం అందరూ చేసేదే. పడవవాడికి అది చాలు. ఆబా ఒప్పుకోలేదు. "నా కొడుకు ఎవడి దగ్గరా తక్కువగా నిలబడకూడదు" అని, ఆ పెద్ద నాణేన్నే వాడి నోట్లో పెట్టింది. మంచిదే ఇవ్వాలనుకుంది పిచ్చిది. అరిగిన బిళ్ల పెట్టి ఉంటే దాని మీద ఏ మొహముందో పడవవాడికే తెలిసేది కాదు.

ఆ సాయంత్రం ఆబా పొయ్యి వెలిగించలేదు. ద్రాకోన్ ఇంటికొచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నా చేత్తో పెట్టాను" అంది. "వాడి నోరు తెరిచి, ఊడిన పళ్ల సందులో నేనే పెట్టాను. చూడు ఏం పని చేశానో."

"పిచ్చి మాటలు మాట్లాడకే," అన్నాను నేను. "మనవాడు పోయినప్పుడు ఆ నాణెం నిక్షేపంగా చెల్లేది. చిన్నదొర అప్పటికి బతికే ఉన్నాడు. పిల్లాడు ఎప్పుడో దాటేసుంటాడు."

"దాటాడని నీకెవరు చెప్పారు వదినా? ఆయుష్షు తీరకుండా పోయినవాళ్లను పడవవాడు వెంటనే ఎక్కించుకుంటాడా? పిల్లలు ఏళ్ల తరబడి ఒడ్డునే నిలబడాలని నువ్వే కదా చెబుతావు, ఎవరింట్లో పసివాడు పోయినా!"

చెబుతాను. అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. నా మాట నాకే ఎదురొచ్చి తగిలింది.

"పడవవాడు రోము నౌకరా ఏమిటి?" అన్నాడు ద్రాకోన్. "అతనికి ఏ చక్రవర్తి అయితేనేం?"

"చిన్నదొర కూడా అక్కడికే వెళ్లాడుగా. అతని మొహం చెల్లదని పడవవాడికి తెలీకుండా ఉంటుందా?" ఆబా మోకాళ్ల మీద తల పెట్టుకుంది. "పెద్దవాళ్లందరూ తోసుకుంటూ ఎక్కేస్తుంటారు. వీడు చెయ్యి చాపి నాణెం చూపిస్తాడు. అతను కసురుతాడు. వాడికి కసురుకుంటే ఏడుపొస్తుంది, నీకు తెలుసు కదా. ఎందుకు వద్దన్నాడో కూడా తెలీదు వాడికి."

పక్కింటి వాళ్లకు కూడా వినపడేలా మాట్లాడే నేను బయటికెళ్లి ఊరికే గడప దగ్గర నిలబడ్డాను.

ఆ రోజు నుంచి ఆబాకు తిండి సహించలేదు. బార్లీ జావ కలిపి ఇస్తే, "వాడు అక్కడ నిలబడి ఉంటే నేనిక్కడ కూర్చుని తాగనా?" అని పక్కన పెట్టేసేది. ద్రాకోన్ ముద్ర కొట్టిన నాణెం ఒకటి తెచ్చుకుని కొంగున ముడేసుకుంది. పోయినవాళ్లను పెట్టే గుహ తెరిపించమని, ఒక్కసారి, ఒక్క క్షణం, ఇది పెట్టి అది తీసేయమని మొగుడి కాళ్ల మీద పడింది. మా గుహ ఊరి బయట కొండ చరియలో ఉంది. మా తాత తొలిపించాడు. తలుపు రాతి మీద ఆయన చెక్కించిన మాటలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. ఇంటి మనిషిని లోపల పెట్టడానికి తప్ప ఇంకెందుకూ దీన్ని తెరవకూడదు, తెరిచినవాడికి హెకాతే శాపం, పైగా ఊరికి జరిమానా కట్టాలి. శాపానికైనా ద్రాకోన్ తెగించేవాడేమో. కానీ చిన్నదొర మొహమున్న నాణెం మా గుహలో ఉందని బయటపడితే ఇంటిల్లిపాదికీ ముప్పు.

"ఎలా తెరవనే?" అన్నాడు వాడు. "చెప్పు, ఎలా తెరవను?"

మూల మంచం మీద మా అమ్మ దగ్గింది. ఆ చలికాలమంతా ఆవిడ మంచం దిగలేదు. నిద్రపోతోందని అనుకున్నాం.

"ఎందుకురా అంత గోల?" అంది. "నేను పోతే తెరవరా ఏం?"

"అమ్మా!" అన్నాను.

"నోర్ముయ్యవే అఫియా, నువ్వు మాట్లాడితే నాకు దగ్గొస్తుంది. ఆబా, ఇలా రా. నా నోట్లో రెండు పెట్టు. ఒకటి నాది, ఒకటి వాడిది. ముద్ర ఉన్నవే పెట్టు. ఒడ్డున వాడెక్కడున్నా చెయ్యి పట్టుకుని ఎక్కించుకుంటాను. పెద్దదాన్ని వెంట ఉంటే పసివాడని ఆపరు. అయినా ఆ పడవవాడు కూడా నాలాగే ముసలివాడు, నా మాట తీసేస్తాడా?"

ఆబా ఆవిడ పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. మా అమ్మ దాని జుట్టు నిమురుతూ, "ఎంతో కాలం పట్టదులే, తొందర పెట్టకు" అని నవ్వింది. ఆవిడ వేళాకోళాలు అలాగే ఉండేవి. నాకు ఆ పోలిక వచ్చింది.

పని ఒకటి దొరికేసరికి ముసలిదానికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. లేచి కూర్చునేది, ఉల్లిపాయ అడిగేది, నదిలో నీళ్లు చల్లగా ఉంటాయేమో పిల్లాడికి ఉన్ని శాలువా కూడా తీసుకెళ్లాలా అని అడిగేది. ఆబా ఆవిడకు జావ తాగించేది, తల దువ్వేది, పక్క మార్చేది. కన్నతల్లికి నేను చేయనంత చేసింది. ఒకరోజు ఎండుటాకులు ఊడుస్తూ ఊడుస్తూ నా దగ్గరికొచ్చి, "వదినా, ఇవాళ అత్తయ్యకు కాస్త బాగుంది" అంది. అంటూనే చీపురు పారేసి మొహం కప్పుకుంది. "నేను దేనికోసం ఎదురుచూస్తున్నానో చూశావా? ఇంత పాపిష్టిదాన్ని అయిపోయాను చూశావా?" అని కుమిలిపోయింది. దాన్ని పట్టుకుని కూర్చున్నాను. అది ఎదురుచూస్తున్నదేమిటో మా అమ్మకు మా అందరికంటే బాగా తెలుసు. అందుకే కాబోలు ఆవిడ దాన్ని కోప్పడలేదు.

ఎండలు ముదరకముందే మా అమ్మ పోయింది. పొద్దున్నే, ఉల్లిపాయ సగం తిని, మిగతా సగం తర్వాత తింటానని చేతిలో పట్టుకుని పోయింది. ఆవిడకు స్నానం చేయించి, నూనె రాసి, తెల్లబట్ట కట్టాం. ఆబా కొంగు ముడి విప్పింది, అమ్మ మాట ప్రకారం రెండో నాణెం కూడా అందులోనే ముడేసుకుని ఉంది. ఒక నాణెం ఆవిడ నాలుక కింద, ఇంకొకటి దాని పక్కన పెట్టింది. రెండింటి మీదా చిన్నదొర మొహం ఉండాల్సిన చోట గుంట ఉంది. "అత్తయ్యా, మర్చిపోకు. నీలం చొక్కా వేసుకుని ఉంటాడు. పిలిస్తే రాకపోతే శనగలు అను, పరుగెత్తుకొస్తాడు" అని చెవిలో చెప్పింది.

మంచాన్ని కొండ దాకా మోసుకెళ్లారు. నేను ముందు నడుస్తూ జుట్టు విరబోసుకుని ఏడ్చాను, పద్ధతి ప్రకారం. తర్వాత పద్ధతి మర్చిపోయి నిజంగానే ఏడ్చాను. ద్రాకోనూ మా చిన్నాన్న కొడుకు లికోనూ తలుపు చుట్టూ ఉన్న పాత సున్నం పగలగొట్టి, రాతిని పక్కకు జరిపారు. లోపల స్థలం చూడటానికి ఇంటి మగవాడు ముందు వెళ్లాలి. ఆడవాళ్లు గడప దాటకూడదు.

ఆబా మొగుడి చెయ్యి పట్టుకుంది. "వాణ్ణి చూడు. నాణెం ఉందో లేదో చూసి చెప్పు. నా మీద ఒట్టేసి నిజం చెప్పు."

ద్రాకోన్ దీపం పట్టుకుని వంగి లోపలికి వెళ్లాడు. లికోన్ వెనకాలే వెళ్లబోతే, "ఆగు, ఇరుకుగా ఉంది" అని లోపలి నుంచి వాడి గొంతు వినిపించింది. దీపం వెలుగు లోపలి గోడల మీద అటూ ఇటూ కదిలింది. ఆబా గోళ్లు నా మణికట్టులో దిగబడ్డాయి.

వాడు బయటికొచ్చాడు. గడ్డం నిండా దుమ్ము. ఆబాను చూడకుండా, కొండ కింది ఆలివ్ చెట్లను చూస్తూ చెప్పాడు.

"లేదు. నాణెం లేదు."

"లేదా?"

"లేదే. పడవవాడు పుచ్చుకున్నట్టున్నాడు. దాటేశాడు."

నా జన్మలో నేను అలాంటి మొహం చూడలేదు, ఆబా మొహం. కింద కూర్చుండిపోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. "దాటేశాడు వదినా, మనవాడు దాటేశాడు! ఎవరూ తోడు లేకుండా ఒక్కడే ఎక్కాడు. కసరలేదు, వాణ్ణి ఎవరూ కసరలేదు" అని నన్ను కుదిపేసింది. ఇన్నాళ్లూ మోసిన బరువు దించినందుకు నేను కూడా ఆ దేవుళ్లకు దండం పెట్టాను. పెట్టి ముగించకముందే ఆబా లేచి మా అమ్మ మంచం దగ్గరికి వెళ్లింది.

"అయితే ఇదెందుకు?" అంటూ మా అమ్మ నోరు తెరిచి, రెండో నాణెం తీసింది.

"ఉండనీవే" అన్నాడు ద్రాకోన్. ఆ మాట వాడి నోట్లోంచి అరుపులా వచ్చింది. లికోన్ తిరిగి చూశాడు. ద్రాకోన్ గొంతు తగ్గించాడు. "ఉండనీ. ముసలిదానికి ఉంటుంది."

"ఎలా ఉండనిస్తాను? ఇద్దరి కూలి ఇస్తే రెండో మనిషి ఏడీ అని పడవవాడు అడగడా? నా కొడుకు హాయిగా అవతల ఉంటే, వాడి కోసం అత్తయ్య ఇవతల ఒడ్డున వెతుక్కుంటూ కూర్చోవాలా? వాడి దగ్గరికి తొందరగా వెళ్లనీ ఆవిణ్ణి." ఆబా మా అమ్మ బుగ్గలు తుడిచి, నోరు మూసి, ముద్దు పెట్టుకుంది. "వెళ్లిరా అత్తయ్యా. వాడు అవతలే ఉన్నాడు."

అమ్మను లోపల పెట్టారు. రాయి మూశారు, కొత్త సున్నం మెత్తారు. సున్నం మెత్తాక వాడు ఆ రాతికి నుదురు ఆనించి ఉండిపోవడం నేను చూశాను. తల్లి పోయిన దుఃఖమనుకున్నాను.

మర్నాడు ఆబా జావ రెండుసార్లు అడిగి తాగింది. నేను సంతకు వెళ్లేసరికి ద్రాకోన్ దాగలి ముందు కూర్చుని ఉన్నాడు. వరసలో ఎవరూ లేరు, ఊళ్లో నాణేలన్నీ దాదాపు అయిపోయాయి. దాగలి మీద ఒకే ఒక్క నాణెం ఉంది. నల్లబడింది. చిన్నదొర మొహం మీద ఉలి ఆనించి ఉంది. సుత్తి ఎత్తి ఉంది గానీ దిగడం లేదు.

దగ్గరికి వెళ్లి చూశాను. ఇద్దరు దొరలూ ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నారు.

"ఒరే, ఏం చేశావురా?"

"లికోన్ వెనకాలే వస్తున్నాడక్కా. చూస్తే అరిచేవాడు, ఇదిగో ఇక్కడే ఉంది అని. ఆబా వినేది. ఇంకేం బతికేది?" ఇంత మాట వాడు ఒక్కసారిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఊడిన పళ్ల సందులో అలాగే ఉంది. తీసి నడుములో దోపుకున్నాను. అమ్మ నోట్లో ఎలాగూ ఇంకొకటి ఉందిగా, వాడికి అది సరిపోతుంది అనుకున్నాను. ఆబా దాన్ని తీసేస్తుందని నాకేం తెలుసు?"

ఉన్నదీ తీసేశాం, పంపిందీ తీసేశాం. పిల్లాడు ఉత్త చేతులతో నిలబడ్డాడు. మా అమ్మ వాణ్ణి అవతల వెతుక్కుంటుంది. సంతలో అందరి ముందూ శనగల గంప మీద తువ్వాలు కప్పి దాని మీద పడి ఏడ్చాను. ఏం అఫియా, ఏమైంది అని కార్పోస్ పలకరించాడు. మా అమ్మ పోయిందిరా, ఏడవకూడదా అని వాడి మీద విరుచుకుపడ్డాను.

"ఇంకో సంగతి, అక్కా" అన్నాడు ద్రాకోన్, కార్పోస్ అటు తిరిగాక. "నాన్న నాణెం కూడా ఉంది. నాన్న దవడలోనే ఉంది. అది పాత చక్రవర్తిది, చెల్లేదే. మరి నాన్న కూడా దాటలేదా? పడవవాడు ఎవరివీ తీసుకోడా?"

"నన్నడిగితే నాకేం తెలుసురా? నేనేమైనా వెళ్లొచ్చానా?" అన్నాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "చూసి వదిలేస్తాడేమో. చేతిలో చూపిస్తే చాలేమో. పిల్లాడి చేతిలో అదీ లేకుండా చేశాం."

వాడు మళ్లీ సుత్తి ఎత్తాడు. "కొడితే కనీసం చెల్లుతుంది" అన్నాడు. "ఎప్పుడైనా ఎవరితోనైనా పంపితే చెల్లుతుంది." గడ్డం లేని ఆ చిన్న మొహం మీద ఉలి సర్దాడు. కొన్ని నెలలుగా వాడు ఆ మొహాన్ని ఎన్నిసార్లు చదును చేశాడో, కన్ను కూడా ఆర్పకుండా. ఇప్పుడు సుత్తి దాగలి మీద పెట్టేసి, అరచేత్తో నాణేన్ని కప్పేశాడు.

"వీడు నవ్వుతున్నాడక్కా" అన్నాడు. "నా వల్ల కాదు."

నాణెం మీద దొరలెవరూ నవ్వరు. వాడికి కనిపించింది ఎవరో నాకు తెలుసు. సంత అధికారి ఆ చివర నుంచి వస్తున్నాడు, బల్లలు ఒక్కొక్కటే చూసుకుంటూ. నేను వాడి అరచేతి కింద వేళ్లు పెట్టి నాణెం లాక్కుని, శనగల గంప అడుక్కి తోసేశాను.

"అక్కా, అది కొట్టని నాణెం. దొరికితే..."

"నా గంపలో చెయ్యి పెట్టే ధైర్యం ఉన్నవాడు ఒక్కడే ఉండేవాడు. వాడు పోయాడు" అన్నాను. "విను. ఇంట్లో పెద్దదాన్ని నేను. ఈసారి ఆ రాయి జరిపేది నా కోసమే. నా నోట్లో రెండు పెట్టు. ఆబా చూడకుండా పెట్టు. నా నోరు పెద్దదని ఊరంతా అంటుందిగా, రెండూ పడతాయి."

"పడవవాడు వద్దంటే?"

"అననీ చూస్తాను. ఈ మొహం ఎవరిదో వాడికి నేను చెబుతాను. చక్రవర్తి తమ్ముడిది కాదు, కంచుపని ద్రాకోన్ కొడుకుది అంటాను. నాతో వాదించి నెగ్గినవాడు ఈ సంతలో లేడు, ఆ ఒడ్డున మాత్రం ఎవడున్నాడు?"

మా తమ్ముడు నవ్వబోయాడు. మొహం నవ్వు దగ్గరికి వెళ్లి వంకరపోయింది. రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. అధికారి వచ్చి, పని లేకపోతే దాగలి ఎత్తేయమని చెప్పి, పిడికెడు శనగలు ఊరికే తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ నాణెం ఇప్పుడు నా తలగడలో ఉంది, ఉన్నిలో కుట్టేశాను. ఆబా మళ్లీ మనిషయింది. పొయ్యి వెలిగిస్తుంది, పక్కింటి పిల్లల్ని చేరదీస్తుంది. ప్రతి అమావాస్యకు మూడు దారుల కూడలిలో హెకాతేకు తేనె రొట్టె పెట్టి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ నన్ను అడుగుతుంది.

"ఈపాటికి అత్తయ్య వాణ్ణి కలుసుకునుంటుంది కదా వదినా?"

నాకు దగ్గు పట్టుకుంది, మా అమ్మకు వచ్చినటువంటిదే. మంచిదే, ఎంత తొందరగా వెళ్తే వాడు అంత తక్కువసేపు నిలబడతాడు. ద్రాకోన్ వాకిట్లో దాగలి దగ్గర సుత్తి ఆపి, నేను ఏం చెబుతానో అని చూస్తాడు. ఊళ్లో ఎవరి రహస్యమూ ఒక పూట దాచలేని నోరు నాది.

"కలుసుకునే ఉంటుంది లేవే. ఇద్దరూ కలిసి శనగలు తింటుంటారు" అంటాను.